పాప దగ్గర ఎవరున్నారు?

పిచ్చుకకు పొద్దున తిండి తినిపించడం యాభై నిమిషాల పని. తొందరపడితే గంటంబావు.

కిటికీ పక్కన దానికోసమే చేయించిన కుర్చీ ఉంది. నడుముకీ ఛాతీకీ బెల్టులు, తల వాలిపోకుండా రెండు పక్కలా మెత్తలు. ఎదురుగా చిన్న స్టూలు మీద తల్లి కూర్చుంటుంది. ఎడమచేతి వేలు కూతురి గడ్డం కింద ఆనించి, కుడిచేతిలోని స్పూనుతో గిన్నె అంచు మీద రెండుసార్లు తడుతుంది. టిక్, టిక్. అప్పుడు పిచ్చుక నోరు తెరుస్తుంది. దాంతోపాటు తల్లి నోరూ తెరుచుకుంటుంది. "తినేది అదా, నువ్వా?" అని భర్త ఎన్నిసార్లు వెక్కిరించినా ఆ అలవాటు పోలేదు.

పుట్టినప్పుడు కిలోన్నర లేదు కాబట్టి పిచ్చుక అన్నారు. ఇప్పుడు పన్నెండేళ్లు, ముప్పై ఒక్క కిలోలు. నడవదు, మాట్లాడదు, కాళ్లూ చేతులూ కట్టెల్లా బిగుసుకుపోతాయి. ఇంకా కావాలంటే "ఊఁ" అని సాగదీస్తుంది. వద్దంటే పళ్లు బిగిస్తుంది. ఈ రెండు మాటలతోనే ఇల్లంతా నడిపించగలదు. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అంటారు గానీ, ఈ ఇంట్లో పిచ్చుకే బ్రహ్మాస్త్రం.

ఆ ముప్పై ఒక్క కిలోలనూ మూడంతస్తుల మెట్లు దించీ ఎక్కించీ తల్లికి హెర్నియా వచ్చింది. బొడ్డు పైన నిమ్మకాయంత వాపు. తండ్రి లిఫ్టు మెకానిక్. ఊళ్లో ఎక్కడ లిఫ్టు ఆగినా పరిగెత్తుకెళ్లి బాగుచేస్తాడు. వాళ్లుండే బిల్డింగుకు మాత్రం లిఫ్టు లేదు. దీపం కింద చీకటంటే ఇదే. అతను పొద్దున్నే వెళ్లి పొద్దుపోయాక వస్తాడు కాబట్టి, మెట్ల పని ఆమెది. ఇంట్లో కుట్టుమిషను మీద జిప్పులు మార్చడం, ప్యాంట్లు పొట్టి చేయడం కూడా ఆమె పనే. పిచ్చుక పడుకున్నప్పుడే మిషను తిరుగుతుంది.

ఆపరేషను గురువారం. ఈ రోజు మంగళవారం.

"బ్యాగు సర్దావా?" బూట్లు తొడుక్కుంటూ అడిగాడు లిఫ్టు మెకానిక్.

"చూద్దాం లెండి."

"చూసేదేముంది? ఎల్లుండేగా."

"దాని నోట్లో ముద్ద ఉంది. ఇప్పుడు మాట్లాడించకండి," అంది ఆమె. నిజానికి మాటలకేం అడ్డం లేదు. "బాక్సు మర్చిపోకండి. మళ్లీ రేపు బుధవారం. ప్రతి బుధవారం బాక్సు అలాగే వెనక్కి తెస్తున్నారు. పొద్దున్నే లేచి చేసేది పారబోయడానికా?"

అతను ఏదో చెప్పబోయి, కూతురి నుదుటిమీద చెయ్యి వేసి, మెట్లు దిగి వెళ్లిపోయాడు. స్పూను జోలికి రాలేదు. తొమ్మిదేళ్లుగా రావడం లేదు.

పిచ్చుకకు మూడేళ్లప్పుడు, ఒక ఆదివారం, ఒళ్లో కూర్చోబెట్టుకుని అతనే తినిపిస్తున్నాడు. ఫోను మోగింది. ఎక్కడో లిఫ్టులో మనుషులు ఇరుక్కుపోయారట. చెవి అటు పెట్టి చేతిని ఇటు నడిపించాడు. పాపకు పొలమారింది. మామూలుగా పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారని నవ్వుకుంటాం. ఆ రోజు పెదవులు నల్లబడ్డాయి, కళ్లు తేలేసింది. తల్లి వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి, బోర్లా తిప్పి వీపుమీద చరిస్తే ఊపిరొచ్చింది. ఆ తర్వాత స్పూను ఆమె చేతిలోంచి ఇంకొకరి చేతికి వెళ్లలేదు. అతను అడగలేదు, ఆమె ఇవ్వలేదు. దాని గురించి ఎప్పుడూ మాట్లాడుకోలేదు కూడా.

*

పదకొండింటికి ఆడపడుచు దిగింది. లిఫ్టు మెకానిక్‌కు అక్క. ముప్పై ఏళ్లు పోస్టాఫీసు కౌంటరు వెనక కూర్చుని రిటైరైన మనిషి. గాజు పలక అవతలివాళ్లకు వినిపించాలని అరిచీ అరిచీ గొంతు అలాగే స్థిరపడిపోయింది.

"అమ్మాయ్! ఆపరేషనయ్యాక ఆరువారాలూ నేనుంటాను. బరువు ఎత్తడానికి కిందింటి కుర్రాళ్లు వస్తామన్నారు, మాట్లాడే వచ్చా. ఇంక నువ్వు కాలుమీద కాలేసుకుని పడుకోవడమే!"

"మీకెందుకు వదినా శ్రమ," అంది ఆమె.

"శ్రమా లేదు, గిమా లేదు. మధ్యాహ్నం నేనే తినిపిస్తా. చూస్తుండు."

చూస్తూనే ఉంది. ఆడపడుచు స్పూను నిండా తీసి, "ఆ... అను తల్లీ" అంటూ పెదవులకు ఆనించింది. పిచ్చుక పళ్లు బిగించింది. "నేను మేనత్తనే, బూచాణ్ణి కాదే" అని బతిమాలింది. పాట పాడింది. చప్పట్లు కొట్టింది. ఇరవై నిమిషాలయ్యేసరికి మెత్తగా నలిపిన బంగాళాదుంప పిచ్చుక మెడమీదా, మేనత్త కళ్లద్దాలమీదా ఉంది గానీ లోపలికి మాత్రం చెంచాడు పోలేదు. పిల్ల ఒళ్లు విల్లులా వంచి ఏడవడం మొదలుపెట్టింది.

"తల ప్రాణం తోకకొచ్చిందే! ఎలా చేస్తున్నావమ్మా ఇన్నేళ్లుగా?"

ఆమె స్పూను తీసుకుంది. వేలు గడ్డం కిందికి వెళ్లింది. టిక్, టిక్. పిచ్చుక ఏడుపు మింగి నోరు తెరిచింది.

"నా చేత్తో తప్ప తినదు వదినా," అంది నీరసంగా. నడుం విరిగిపోతోంది, వాపు దగ్గర సూదులు గుచ్చుతున్నట్టుంది. అయినా ఆ మాట అన్నప్పుడు లోపలెక్కడో చిన్న సంతోషం కలిగింది. సిగ్గుపడాల్సిన సంతోషమే. పక్కనెట్టేద్దామంటే పోలేదు.

పిచ్చుక నిద్రపోయాక ఆసుపత్రికి ఫోన్ చేసింది. కౌంటరులో ఎప్పుడూ ఉండే ఆవిడే ఎత్తింది. ఆవిడకు ఈ గొంతు కొత్త కాదు.

"మళ్లీ వాయిదానా? ఇది మూడోసారి అమ్మా. పేగు ఇరుక్కుంటే అప్పటికప్పుడు కొయ్యాలని డాక్టరుగారు మీతో చెప్పారుగా. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం?"

"తెలుసండీ. పాప దగ్గర ఎవరూ లేరండీ."

"పోయినసారీ అదే చెప్పారు. సరే, రేపు పొద్దున పదింటిదాకా ఆ తేదీ ఎవరికీ ఇవ్వను. పదయ్యాక నా చేతుల్లో ఉండదు. ఇంకో రెండు నెలల దాకా ఖాళీ లేదు."

ఫోను పెట్టేసి వెనక్కి తిరిగితే, తడిబట్టతో కళ్లద్దాలు తుడుచుకుంటూ ఆడపడుచు గుమ్మంలో నిలబడి ఉంది. జీవితంలో మొదటిసారి చిన్న గొంతుతో మాట్లాడింది.

"ఎవరూ లేరా? నేనూ వాడూ ఎవరం కామా అమ్మాయ్?"

*

సాయంత్రం అతను వచ్చేసరికి పిచ్చుక రాత్రి తిండి అయిపోవచ్చింది. గిన్నె అడుగున నాలుగైదు స్పూన్లు మిగిలాయి. అక్క గుమ్మంలోనే పట్టుకుని అంతా చెప్పేసింది. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. ఈ ఇంట్లో అయితే రెండో గది దాటడానికే అరనిమిషం పట్టదు.

అతను బూట్లు కూడా విప్పకుండా లోపలికి వచ్చాడు.

"వాయిదా వేశావట."

"పదింటిదాకా టైముంది."

"ఉంటే? ఒప్పుకుంటావా?"

"ఎలా ఒప్పుకుంటానండీ? మధ్యాహ్నం వదినగారి చేత్తో ఒక్క ముద్ద తినలేదు. నేను మూడు రోజులు ఆసుపత్రిలో పడుకుంటే మూడు రోజులు పస్తుంటుంది. ఆ తర్వాత ఆరువారాలు దాని కుర్చీ కూడా జరపకూడదట. గోరుచుట్టు మీద రోకటిపోటులా ఇదొకటి ఇప్పుడే రావాలా నాకు?"

"ఎవరూ లేరని చెప్పావట."

ఆమె బట్టతో పిచ్చుక మూతి తుడిచింది.

"ఆసుపత్రివాళ్లకి, పరాయివాళ్లకి, పాప దగ్గర ఎవరూ లేరని చెప్పావట. నేను చచ్చిపోయానా?"

"ఒరేయ్ తమ్ముడూ," అంది అక్క.

"నువ్వుండు అక్కా. పన్నెండేళ్లుగా ఇంట్లో ఉన్నాను. దాని మందులు తెస్తాను, కుర్చీ చక్రాలు బిగిస్తాను, రాత్రి నాలుగుసార్లు లేచి పక్కకి తిప్పుతాను. తిండి దగ్గరికొచ్చేసరికి మాత్రం గుమ్మం అవతల నిలబడాలి, అద్దెకున్నవాడిలా!"

"నిలబడమని నేనన్నానా?"

"రమ్మని అన్నావా?"

ఆమెకు దుఃఖమూ కోపమూ కలిసి వచ్చాయి. తొమ్మిదేళ్లు నోట్లో దాచుకున్న మాట బయటపడింది.

"ఎలా అంటాను? మీ ఒళ్లోనే కదా అది నల్లబడిపోయింది? ఫోను చెవిలో పెట్టుకుని... నేనొక్క నిమిషం ఆలస్యమైతే ఏమయ్యేది? ఇప్పటికీ కళ్లు మూసుకుంటే దాని పెదవులే కనబడతాయి నాకు."

పిచ్చుక కళ్లు అమ్మమీంచి నాన్నమీదికీ, నాన్నమీంచి అమ్మమీదికీ తిరుగుతున్నాయి.

"నాకు కనబడవనుకున్నావా?" అన్నాడు అతను. వంగి బూట్ల తాళ్లు విప్పుకుంటూ, మొహం ఎత్తకుండా చెప్పాడు. "బుధవారం బాక్సు ఎందుకు వెనక్కొస్తుందో అడిగావుగా. పిచ్చుకని నువ్వు సోమవారాలు తీసుకెళ్లే వ్యాయామం సెంటరు లేదూ, అక్కడ బుధవారం మధ్యాహ్నం తల్లిదండ్రులకి క్లాసు పెడతారు. తిండి పెట్టడం నేర్పే క్లాసు. భోజనం టైములో అక్కడికి వెళ్తున్నాను. తొమ్మిది వారాలైంది."

"సెంటరులో ఎప్పుడూ ఊలు అల్లుతుంటుందే, ఆవిడ చెప్పిన క్లాసా?" అంది ఆమె తెల్లబోయి. ఇరవయ్యేళ్ల కొడుకును తీసుకొచ్చే ఊలు పిన్ని ఎన్నోసార్లు రమ్మంది. తీరికెక్కడుందని ఈమె నవ్వి ఊరుకునేది.

"ఆవిడే నాకు జత. ఇద్దరిద్దరిని కూర్చోబెడతారు. ఒకళ్లు చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చోవాలి. మాట్లాడకూడదు, తల తిప్పకూడదు, మన పిల్లల్లాగే. రెండోవాళ్లు ఇంట్లో ఎలా పెడతారో అలా పెట్టాలి. ఊలు పిన్నికి చేతివేగం ఎక్కువ. మూడో స్పూనుకి నాకు కోపమొచ్చింది. అయిదో స్పూనుకి భయమేసింది. మింగకముందే ఇంకోటొచ్చేస్తోంది, ఆగమని చెప్పడానికి లేదు. ఆ రోజు పాపకి ఎలా ఉండిందో నాకు అప్పుడు తెలిసింది."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే? స్పూను ఇచ్చేదానివా?"

జవాబు ఇద్దరికీ తెలుసు. అతను చేతులు కడుక్కుని వచ్చి, గిన్నె తీసుకుని, స్టూలు చూపించాడు.

"కూర్చో. చేతులు తొడల కింద పెట్టు."

"ఏంటండీ ఈ వేషాలు? వదిన ముందు..."

"నేను లేను, వంటింట్లో ఉన్నా!" అని ఆడపడుచు గుమ్మంలోంచే అరిచింది, వెళ్లకుండా.

ఆమెకు వాదించే ఓపిక లేదు. కూర్చుంది. చేతులు తొడల కింద దోపుకుంది. అంత మాత్రానికే భుజాలకు కొత్తగా అనిపించింది. ఆ చేతులు పగటిపూట ఊరికే ఉండి ఎన్నాళ్లయిందో.

మొదటి స్పూను నోట్లోకి వచ్చింది. చల్లగా ఉంది. మొదలుపెట్టినప్పుడు వేడిగానే ఉంటుంది, చివరికొచ్చేసరికి ఇలా అయిపోతుందన్నమాట. రోజూ చివరి పది స్పూన్లు పిచ్చుక ఇలాగే తింటోంది. ఆమె ఎప్పుడూ రుచి చూడలేదు. మింగింది. వెంటనే రెండోది వస్తుందని నోరు తెరిచింది, రాలేదు. అతను స్పూను గిన్నెలో పెట్టి ఆమె గొంతు వైపు చూస్తున్నాడు. ఆమె మరోసారి గుటక వేసింది. లోపల ఇంకా కొంచెం మిగిలే ఉంది. అది కూడా దిగాక అప్పుడు స్పూను ఎత్తాడు.

"తొందరేం లేదు," అన్నాడు.

తను అలా ఆగుతుందా? ఆగదు. జిప్పులు ఎదురుచూస్తుంటాయి, బట్టలు నానుతుంటాయి. యాభై నిమిషాల్లో ముగించడమే గొప్ప అనుకుంది. ఆ యాభై నిమిషాలూ పిచ్చుకకు ఎలా ఉంటాయో ఎవరూ చెప్పలేదు, చెప్పగలిగిన మనిషికి మాటలు లేవు.

మూడో స్పూను పెదవులదాకా తెచ్చి, వెనక్కి తీసుకుని, సగం తగ్గించి మళ్లీ తెచ్చాడు.

"భయంగా ఉందా మీకు?"

"ప్రతి స్పూనుకీ ఉంటుంది. పోయేది కాదులే అది."

ఆమెకు ఏడుపు ఆగలేదు. చేతులు తొడల కిందే ఉండిపోవడంతో కన్నీళ్లు తుడుచుకోవడానికి కూడా లేదు. అతనే పిచ్చుక మూతి తుడిచే బట్టతో తుడిచాడు. అమ్మ మొహం తుడవడం పిచ్చుకకు తమాషాగా అనిపించిందో ఏమో, ఒక్కసారి గట్టిగా నవ్వింది.

"మీతో ఒకటి చెప్పాలి," అంది వెక్కుతూ. "అది నా చేత్తో తప్ప తినదంటాను చూడండి, అబద్ధం. అలా నేనే నేర్పాను. ఆ రోజు తర్వాత నేర్పాను. గిన్నె మీద రెండుసార్లు తడితేనే నోరు తెరవాలి, లేకపోతే ఎవరు పెట్టినా తెరవకూడదని. ఏడాది పట్టింది నేర్పడానికి. ఎవరికీ చెప్పలేదు. వదినగారు ఇందాక అంత అవస్థ పడుతుంటే కూడా చెప్పలేదు."

గుమ్మం దగ్గర "హవ్వ!" అని వినిపించింది.

అతను చిన్నగా తలూపాడు. "తెలుసు."

"తెలుసా?"

"పక్క గదిలోనేగా ఉంటాను. తొమ్మిదేళ్లుగా పూటపూటా వినబడుతూనే ఉంది. మోటారు చప్పుడుని బట్టి లిఫ్టులో ఏం పోయిందో చెప్పేవాణ్ణి, ఈ మాత్రం తెలియదా?"

"మరి మీరెందుకు తట్టలేదు?"

అతను గిన్నె అడుగున మిగిలినదాన్ని ఒక పక్కకు చేర్చాడు. "నువ్వు నాకు చెప్పలేదుగా. చెప్పకుండా తడితే దొంగతనం చేసినట్టుంటుంది. నువ్వే ఇస్తావని చూశాను."

*

బుధవారం పొద్దున అతను సగంపూట సెలవు పెట్టాడు. ఎనిమిదింటికి కుర్చీ ముందు స్టూలు మీద కూర్చున్నాడు. గడ్డం కింద వేలు ఎక్కడ ఆనించాలో ఆమె చూపించింది. ఎముక మీద కాదు, దానికి కాస్త వెనక. మూడుసార్లు చూపించింది. నాలుగోసారి చూపించబోతుంటే ఆడపడుచు రెక్క పట్టుకుని బయటికి లాగింది.

"నువ్విక్కడుంటే అది నిన్నే చూస్తుంది. నడువ్."

తలుపు వేసేశారు. ఆమె మెట్ల దగ్గర, పై మెట్టుమీద కూర్చుంది. చేతిలో ఏమీ లేదు. చీపురో సూదో ఏదో ఒకటి ఉంటే బాగుండుననిపించింది.

లోపలినుంచి వినిపించింది. టిక్, టిక్.

ఆమె నోరు తెరుచుకుంది. ఎవరైనా చూశారేమోనని గబుక్కున మూసుకుంది.

ఏ చప్పుడూ లేదు. చాలాసేపటి తర్వాత మళ్లీ టిక్, టిక్. మళ్లీ నోరు తెరుచుకుంది. మళ్లీ ఏమీ లేదు. తలుపు సందులోంచి ఆడపడుచు తల బయటపెట్టి, గుసగుస అనుకుంటూ మెట్లన్నీ మోగేలా చెప్పింది. "పళ్లు బిగించే ఉందే! తలుపు వైపు చూస్తోంది!"

ఎనిమిదిన్నర. తొమ్మిది. తొమ్మిదింబావు. ఆకలికి పిచ్చుక సన్నగా ఏడుస్తోంది. ఒక్క అంగలో లోపలికి వెళ్లి ఆ గిన్నె లాక్కోవాలని ఆమె కాళ్లు లేచాయి. వాపు దగ్గర కలుక్కుమంది. చెయ్యి పొట్టమీద అదుముకుని అలాగే నిలబడింది. వెళ్తే రెండు నిమిషాల్లో ఏడుపు ఆగుతుంది. ఆ తర్వాత తన ప్రాణం ఉన్నన్నాళ్లూ తనే తట్టాలి. తర్వాత ఎవరు తడతారు? ఆ ప్రశ్న ఆమె ఎన్నడూ పూర్తిగా వేసుకోలేదు, భయంతో. మళ్లీ మెట్టుమీద కూర్చుంది.

లోపల అతని గొంతు వినిపించింది. "తొందరేం లేదమ్మా. నాన్న ఎక్కడికీ వెళ్లడు. ఫోను కూడా అత్తకిచ్చేశా, చూడు."

టిక్, టిక్.

ఈసారి నిశ్శబ్దం వేరేలా ఉంది. చిన్న గుటక చప్పుడు, దాని వెనకే ఇంకో గుటక. ఇంటి గోడల అవతల నుంచైనా ఆమె గుర్తుపట్టగల చప్పుడు అది. కాసేపటికి, పిచ్చుక గొంతు.

"ఊఁ..."

ఇంకా కావాలట.

తలుపు తెరిచి ఆడపడుచు బయటికి వచ్చింది. ఈసారి అరవలేదు. కళ్లద్దాలు నుదుటిమీదికి తోసుకుని, ఫోను ఆమె చేతిలో పెట్టి, పక్కనే మెట్టుమీద కూలబడింది. టైము పదికి పన్నెండు నిమిషాలుంది.

ఆసుపత్రి కౌంటరులో ఆవిడ రెండో రింగుకే ఎత్తింది. "చెప్పండమ్మా. రద్దు చేసేయమంటారా?"

"వద్దండీ. రేపు వస్తున్నాను."

అవతల కాగితాలు తిప్పుతున్న చప్పుడు. "మంచిది. ఆరింటికల్లా వచ్చేయండి, ఏమీ తినకూడదు. తోడు ఎవరొస్తారు?"

"మా వదిన వస్తుంది."

"మరి..." ఆవిడ ఆగింది. రెండుసార్లు విన్న మాటే మళ్లీ వినాల్సి వస్తుందేమోనని సందేహిస్తూ అడిగింది. "మరి పాప దగ్గర ఎవరుంటారమ్మా?"

లోపల మళ్లీ తట్టిన చప్పుడు. ఈసారి ఆమె నోరు తెరుచుకున్నది మాట కోసం. ఆడపడుచు ఆమె వీపుమీద చెయ్యి వేసి నిమిరింది.

"వాళ్ల నాన్న ఉన్నాడండీ," అంది.